ఇంగ్లండు వితంతువుకు వచ్చిన మూడో వంతు ఆమె సొంతమేనా?

ప్రశ్న: నేను లా రెండో సంవత్సరం చదువుతున్నాను. పాత ఇంగ్లండులో భర్త పోయిన స్త్రీకి ఆయన భూమిలో మూడో వంతు ‘డవర్’గా వచ్చేదని క్లాసులో చెప్పారు. ఆ భూమిని ఆమె అమ్ముకోగలిగేదా? భర్త ఉండగా లేని హక్కు ఆయన పోగానే ఎలా వచ్చింది? మన దగ్గర క్రైస్తవ వితంతువుకు వచ్చే మూడో వంతు కూడా అదేనా?

జవాబు: అమ్మా, ఆమెకు అమ్మే హక్కు లేదు. డవర్ అంటే బతికున్నన్నాళ్లు అనుభవించే హక్కు మాత్రమే. పంట తినొచ్చు, కౌలుకిచ్చుకోవచ్చు. ఆమె కన్నుమూశాక భూమి భర్త వారసులకు పోతుంది.

ఆనాటి కామన్ లా, అంటే కోర్టు తీర్పుల మీద నడిచే ఇంగ్లండు చట్టం, పెళ్లయిన స్త్రీని విడిగా ఒక వ్యక్తిగా లెక్కపెట్టలేదు. ఆమె నగానట్రా, డబ్బు భర్తవైపోయేవి. పుట్టింటి నుంచి వచ్చిన భూమి మీద పెత్తనమూ ఆయనదే. సొంతంగా ఒప్పందం రాయడం, దావా వేయడం భర్త పోయాకే కుదిరేది. ఒకరి చావుతో గానీ చట్టం ఆమెను మనిషిగా గుర్తించకపోవడం ఎప్పుడు చదివినా నాకు బాధగానే ఉంటుంది.

ఆ డవర్ వాటా కూడా తేలిగ్గా చేతికి రాలేదు. రాజులు సామంతుల వితంతువుల దగ్గర డబ్బు గుంజేవారు, తమకు నచ్చినవాళ్లకిచ్చి మళ్లీ పెళ్లి చేసేవారు. అందుకే రాజు చేత ఒప్పించిన 1215 హక్కుల పత్రం మాగ్నా కార్టాలో, వాటా కోసం ఆమె ఏమీ చెల్లించనక్కర్లేదని, 40 రోజులు భర్త ఇంట్లో ఉండొచ్చని, పెళ్లికి బలవంతపెట్టకూడదని రాయించారు.

మీరు లాయరు కాబోతున్నారు కాబట్టి ఇది గమనించండి. భార్య సమ్మతి లేకుండా భర్త భూమి అమ్మితే, ఆయన పోయాక ఆమె కొన్నవాళ్లను మూడో వంతు అడగొచ్చు. కొనేవాళ్లకు ఇదే టెన్షన్. అందుకే ‘ఫైన్’ అనే రాజీ దావా వేసి, భార్యాభర్తలిద్దరి చేతా హక్కు వదిలింపజేసేవారు. బలవంతం ఏమీ లేదని, భర్త పక్కన లేకుండా ఆమెను విడిగా అడిగి తెలుసుకునేవారు. 1833 డవర్ చట్టంతో ఈ పట్టు పోయింది. 1834 జనవరి 1 తర్వాత పెళ్లయిన స్త్రీ విషయంలో, భర్త భూమి అమ్మేసినా, వీలునామాలో ఇంకొకరికి రాసినా డవర్ లేనట్టే. భార్య తన ఆస్తిని తన పేరునే పూర్తిగా ఉంచుకునే హక్కు మాత్రం 1882 దాకా రాలేదు. డబ్బున్న కుటుంబాలు పెళ్లినాటి ఒప్పందాలతో గట్టెక్కాయి. కొద్దిపాటి భూమి ఉన్న ఇళ్లలో ఆడవాళ్లకు పాత రక్షణ పోయింది, కొత్త హక్కు ఇంకా రాలేదు.

ఇక మన క్రైస్తవ వితంతువు సంగతి. భర్త వీలునామా రాయకుండా పోయి, పిల్లలుంటే, 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 33 ప్రకారం ఆమెకు మూడో వంతు వస్తుంది. ఇది డవర్ కాదు. చరాస్తి పంపకం కోసం ఇంగ్లండు 1670లో చేసిన చట్టంలోనూ వితంతువుకు ఇదే లెక్క, అక్కడ ఆ వాటా పూర్తిగా ఆమెదే. మన దేశంలో 1865 వారసత్వ చట్టం నుంచే ఆ లెక్క భూమికీ వర్తిస్తోంది. కాబట్టి ఆమె తన వాటాను అమ్ముకోవచ్చు, దానంగా ఇవ్వొచ్చు, ఇష్టమైనవాళ్లకు వీలునామా రాయొచ్చు. పిల్లల సంతకం అక్కర్లేదు.