అరవై ఎనిమిదేళ్ల అమ్మ బరువు తగ్గాలా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఒక బిళ్ల వాడుతోంది. మోకాళ్ల నొప్పులున్నాయి. డాక్టరుగారు బరువు తగ్గమనేసరికి రాత్రి భోజనం మానేసింది. ‘ఈ వయసులో కాస్త ఒళ్లుంటేనే మంచిది’ అంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఈ రాత్రి నుంచే అమ్మగారికి భోజనం పెట్టండి. తిన్నా తినకపోయినా గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. పూట తప్పితే షుగర్ 70 కన్నా కిందికి దిగొచ్చు. పెద్దవయసులో చెమట, వణుకు లాంటి హెచ్చరికలు సరిగా తెలియవు. తికమకపడి, బాత్రూముకు లేచినప్పుడు పడితే తుంటి విరగొచ్చు.

మీ చుట్టాల మాటలో సగం నిజముంది. 65 దాటాక కొద్దిపాటి అధిక బరువు ఆయుష్షును పెద్దగా తగ్గించదు. కానీ అమ్మగారి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 32. మన దేశంలో 25 నుంచే ఊబకాయంగా లెక్కిస్తాం. 30–35 మధ్య ఉన్నవారి ఆయుష్షు సగటున 2 నుంచి 4 ఏళ్లు తగ్గుతుందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ వయసులో ఆయుష్షు కన్నా ముందు దెబ్బతినేది మాత్రం నడక, సొంత పనులు. నడుము చుట్టుకొలత కూడా చూడండి. మామూలుగా ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఆరు నెలల్లో 4 నుంచి 7 కిలోలు తగ్గితే చాలు. కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. కడుపు మాడ్చుకుని తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. తర్వాత బరువు తిరిగొచ్చినా కండ అంతగా తిరిగిరాదు.

అన్నం సగానికి తగ్గించి, ఆ చోట కూర, పప్పు పెంచండి. నూనె రోజుకు 4 టీ చెంచాలు మించనివ్వకండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగుంటే ప్రొటీన్ రోజుకు 60 గ్రాములదాకా ఉండాలి. రెండు గుడ్లలో 12, 50 గ్రాముల కందిపప్పులో 11, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల చికెన్‌లో 25 గ్రాములు దొరుకుతాయి. చికెన్ తినకపోతే 50 గ్రాముల మీల్‌మేకర్ వాడొచ్చు.

గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు లేదా అంతకుమించి పడితే కండబలం తగ్గినట్టే. అప్పుడు రోజు విడిచి రోజు పదేసి చొప్పున రెండు విడతలు చేయించండి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి.

బరువు దిగేకొద్దీ మందుల మోతాదూ మారాలి. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే బీపీ బిళ్ల ఎక్కువైందేమో డాక్టరును అడగండి.