ఫ్లాష్ ఊరు సెంట్రల్ సిటీ కదా, మరి ఈ కీస్టోన్ సిటీ ఏంటి?

మీరు రెండు సంగతులు అడిగారు. మెరుపు వేగంతో పరిగెత్తే కామిక్స్ హీరో ఫ్లాష్ ఊరు సీరియల్‌లో సెంట్రల్ సిటీ అన్నారు, కామిక్స్ తెరిస్తే కీస్టోన్ సిటీ అంటున్నారు, రెండూ ఒకటేనా అని ఒకటి. కీస్టోన్‌ని ఏ నిజం ఊరిని చూసి రాశారు అని రెండోది.

ఒకటి కాదు. నదికి అటొకటి, ఇటొకటి. సెంట్రల్ సిటీ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, కీస్టోన్ సిటీ పక్క రాష్ట్రం కాన్సస్‌లో. మ్యాప్‌లో ఆ చోట చూస్తే నిజంగా ఉన్నది కాన్సస్ సిటీ. అది కూడా రెండు రాష్ట్రాల్లో ఉన్న జంట ఊరే. నేను ఆ ఊళ్ళో ఆరేళ్ళు ఉన్నాను, అందులో నాలుగేళ్ళు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీర్‌గా చేశాను. ఆ ధైర్యంతోనే ఈ జవాబు.

ముందు ఆ జంట ఊరి గోల చెప్తాను, ఎందుకంటే కీస్టోన్-సెంట్రల్ కన్ఫ్యూజన్ నాకు వింతగా అనిపించకపోవడానికి కారణం అదే. కాన్సస్ సిటీ అనే పేరుతో ఉన్న రెండు ఊళ్ళలో పెద్దది కాన్సస్‌లో లేదు, మిస్సోరీలో ఉంది. ఈ మాట మా అమ్మకి ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "హైదరాబాద్, సికింద్రాబాద్ లాగా అనుకోమ్మా, మధ్యలో టాంక్‌బండ్ బదులు ఒక రోడ్డు" అంటే అప్పటికి ఊరుకునేది, మళ్ళీ మామూలే. కొంత దూరం నది సరిహద్దు, కొంత దూరం నిజంగానే ఒక రోడ్డు, దాని పేరే స్టేట్ లైన్ రోడ్. ఈ పక్క బండి ఆపి ఆ పక్క టీ తాగితే రాష్ట్రం మారిపోతుంది. నేను కాన్సస్ వైపు అద్దెకుండి మిస్సోరీ వైపు పనిచేసేవాణ్ణి. అంటే రెండు రాష్ట్రాలకీ ట్యాక్స్ రిటర్న్ వేయాలి, పైగా మిస్సోరీ వైపు కాన్సస్ సిటీలో పనిచేసినందుకు ఆ ఊరికి జీతంలో 1 శాతం వేరే. మొదటి ఏడాది ఇదేమీ తెలియక ఏప్రిల్‌లో పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. ఫ్లాష్ రోజుకి వందసార్లు ఆ రెండు ఊళ్ళ మధ్య నది దాటతాడు, ఒక్క ఫారం నింపడు.

సరే, కామిక్స్ సంగతి. మొదటి ఫ్లాష్ జే గారిక్, 1940లో వచ్చాడు, ఇతని ఊరు కీస్టోన్. 1956లో కొత్త ఫ్లాష్‌గా బ్యారీ ఆలెన్‌ని పెట్టినప్పుడు ఊరు కూడా కొత్తది పెట్టారు, అదే సెంట్రల్ సిటీ. 1961లో ఫ్లాష్ 123వ సంచికలో ఇద్దరినీ కలిపారు. అందులో బ్యారీ పిల్లల ముందు మన గారడీవాళ్ళ తాడు విద్య చేసి చూపిస్తూ, ఒళ్ళంతా కంపింపజేసుకుని మాయమైపోతాడు. తేలేది వేరే భూమ్మీద, కీస్టోన్‌లో. అంటే అప్పటికి ఇవి పక్కపక్క ఊళ్ళు కావు, ఒకే చోట రెండు లోకాల్లో ఉన్న ఊళ్ళు. 1985-86లో డీసీ వాళ్ళు (ఈ కామిక్స్ వేసే కంపెనీ) లోకాలన్నిటినీ కలిపి ఒకటి చేశాక చిక్కొచ్చింది. ఇంత పెద్ద ఊరు పక్కనే ఉంటే ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? దానికి 1990లో ఒక సమాధానం రాశారు: థింకర్, ఫిడ్లర్, షేడ్ అనే ముగ్గురు విలన్లు కీస్టోన్‌ని కంటికి కనపడకుండా చేసి, దాని పేరు కూడా జనం మర్చిపోయేలా చేశారట. చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఫ్యాక్టరీ మూతపడిన ఊళ్ళు ఒకటి రెండు చూశాక, దీనికి విలన్లు కూడా అక్కర్లేదులే అనిపించింది.

అయితే కీస్టోన్ ఫ్యాక్టరీల ఊరుగా నా మనసులో నిలిచిపోయింది 2000లో జెఫ్ జాన్స్ ఫ్లాష్ కామిక్స్ రాయడం మొదలుపెట్టాక (164వ సంచిక నుంచి 225 దాకా ఆయనే). ఆయన కార్ల ఫ్యాక్టరీలకి పేరుపడ్డ డెట్రాయిట్‌లో పుట్టినవాడు. మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే: చోటు కాన్సస్ సిటీది, బుద్ధి డెట్రాయిట్‌ది. అలాగని కాన్సస్ సిటీలో ఫ్యాక్టరీలు లేవని కాదు. కాన్సస్ వైపు ఫెయిర్‌ఫాక్స్‌లో రెండో ప్రపంచ యుద్ధంలో బి-25 బాంబర్లు తయారుచేశారు, తర్వాత అక్కడ జనరల్ మోటార్స్ వచ్చింది. మిస్సోరీ వైపు క్లేకోమోలో ఫోర్డ్ ఉంది. కానీ ఊరంతా కార్లే తిని కార్లే తాగే వాతావరణం మాత్రం డెట్రాయిట్‌దే.

నేను ఈ కథల్లోకి ఎలా వచ్చానో చెప్తే మీకు ఇంకాస్త అర్థమవుతుంది. చేరిన కొత్తల్లో, వేసవిలో, కడిగిన స్టీలు ముక్కలు సరిగ్గా ఆరకుండానే పెట్టెల్లోకి వెళ్ళాయి. పొద్దున షిఫ్ట్‌కి వచ్చి చూస్తే పైన సన్నగా నారింజ రంగు పొర. గంటల్లోనే పట్టే ఈ తుప్పుని అక్కడ ఫ్లాష్ రస్ట్ అంటారు. నేను సరుకు ఆపేయమన్నాను, సూపర్‌వైజర్ పంపేయమన్నాడు, కొత్తవాణ్ణి కదా, తగ్గాను. వారం తిరక్కుండా సరుకు మొత్తం వెనక్కొచ్చింది, సంతకం నాది. ఆ రాత్రి షిఫ్ట్‌లో నాతోపాటు కూర్చుని ఒక్కో ముక్కా తుడిచిన పెద్దాయన, ముప్పై ఏళ్ళ సర్వీసు, "ఫ్లాష్ రస్ట్ నీకు కొత్త, నాకు గర్డర్ ఎప్పటినుంచో తెలుసు" అని నవ్వాడు. నాకేం అర్థం కాలేదు. మర్నాడు పుస్తకం తెచ్చిచ్చాడు.

గర్డర్ అంటే టోనీ వుడ్‌వర్డ్, కీస్టోన్‌లో ఉక్కు కార్మికుడు. తనతోపాటు పనిచేసే ఒకావిడ మీద దౌర్జన్యం చేస్తే మిగతా కార్మికులే పట్టుకుని మరిగే ఉక్కులో పడేస్తారు. అందులో ఒక ల్యాబ్ తుక్కు కలిసి ఉండటంతో చావకుండా ఇనుప మనిషై లేస్తాడు. వాడి బాధేంటంటే ఒళ్ళు తుప్పు పడుతూనే ఉంటుంది. ముక్కలు తుడిచీ తుడిచీ వేళ్ళు నొప్పిపుట్టిన రోజున ఆ బొమ్మ చూశాను, అందుకే మర్చిపోలేను. ఇంకొకడు గోల్డ్‌ఫేస్. ఒకప్పుడు గ్రీన్ లాంటర్న్ అనే ఇంకో హీరోతో కొట్లాడిన బంగారు ఒంటి విలన్, కీస్టోన్‌కొచ్చేసరికి బుద్ధి మార్చుకుని యూనియన్ 242 నాయకుడయ్యాడు. పాత భార్య బ్లాక్‌స్మిత్ అదే ఊళ్ళో దొంగ సరుకు బజారు నడుపుతుంది. విలన్ మారి సన్యాసి అవడం చూశాం గానీ యూనియన్ లీడర్ అవడం నేను ఇంకెక్కడా చూడలేదు!

నాకు అన్నిటికంటే నచ్చింది వాలీ వెస్ట్ ఉద్యోగం. బ్యారీ తర్వాత ఫ్లాష్ అయింది ఇతనే. 200వ సంచిక చివర, ఫ్లాష్ ఎవరన్నది లోకమంతా మర్చిపోతుంది, వాలీ కూడా మర్చిపోతాడు. 201 నుంచి అతను కీస్టోన్ పోలీసుల గ్యారేజ్‌లో మెకానిక్. చలికాలం, చేతులకి గ్రీజు, తను ఎవరో తనకే తెలియదు. కొంతమందికి ఆ భాగం బోర్, బొమ్మలు కూడా మరీ చీకటిగా ఉన్నాయంటారు. నాకైతే షిఫ్ట్ దిగి పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీక్కునే రోజులు యథాతథంగా అందులో కనిపించాయి.

చదవాలనుకుంటే 164 నుంచి మొదలుపెట్టి, మధ్యలో 2001లో విడిగా వచ్చిన ఐరన్ హైట్స్ కలుపుకోండి. అది కీస్టోన్ బయట ఉన్న జైలు కథ, గర్డర్ మొదట కనిపించేది అందులోనే. నేరుగా 201కి మాత్రం దూకకండి, మీక్కూడా వాలీ ఎవరో తెలియదు.