అరుగు, అఱుగు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. బాగుంది. మూడో పేజీలో మాత్రం ఒక చోట ఆగిపోయాను. "కొడుకు ముఖమైనా చూడక ఆయన అరిగెను" అని రాశావు. కళ్ళు చెమర్చాల్సిన చోట నాకు మడమ దగ్గర అరిగిపోయిన చెప్పులు కనిపించాయి.

వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. అరుగు అంటే వెళ్ళు. కావ్యాల్లో రాజులు వేటకు అరుగుతారు, మునులు ఆశ్రమాలకు అరుగుతారు. దానికి 'తెంచు' తగిలించి అరుగుదెంచు, అరుదెంచు అంటే వచ్చు. ఏతెంచు, చనుదెంచు కూడా ఆ కుటుంబానివే.

చెప్పులు అరగడం, తిన్నది అరగడం, సానమీద గంధపుచెక్క అరగడం వేరే క్రియ. పాత రాతలో అది అఱుగు, బండి ఱ తో. రెండూ పక్కపక్కన ఉన్నా చదివేవాడు తికమకపడేవాడు కాడు. ఏఱు అంటే నది, ఏరు అంటే గింజలు ఏరడం, అలాగన్నమాట. 11వ శతాబ్దంలో నన్నయ ఈ రెండు అక్షరాలనూ వేరుగానే వాడాడు. పలుకులోనూ తేడా ఉండేది. తమిళ, మలయాళాల్లో రెండు అక్షరాలూ ఇప్పటికీ ఉన్నాయి. మన నోట్లో రెండూ ఒకటైపోయాయి, ఆ తర్వాత రాతలోనూ బండి ఱ జారిపోయింది. ఇప్పుడు 'అరిగెను' అని రాస్తే ఏ అరుగో చెప్పడానికి అక్షరం సాయం లేదు. రోజూ వాడే అర్థమే ముందు తడుతుంది. (ఇంటిముందు కూర్చునే అరుగు సంగతి సరేసరి!)

అలాగని ఱ ని వెనక్కి తెమ్మనడం లేదు. పాత పద్యం ఎత్తిరాస్తే అందులో ఉన్నది ఉన్నట్టు ఉంచు. నీ వచనంలో గుఱ్ఱం అక్కర్లేదు, గుర్రం చాలు.

గంభీరమైన క్రియ కనిపిస్తే టెంప్ట్ అవడం నాకూ తెలుసు. నా మొదటి కథలో ఒకడు స్నానం 'గావించి', టిఫిన్ 'గావించి' ఆఫీసుకు బయల్దేరాడు. చదివిన స్నేహితుడు వారం రోజులు నన్ను ఏడిపించాడు. అప్పట్నుంచీ అలాంటి మాట వచ్చినప్పుడల్లా, దీన్ని ఎవరి నోటితో అనిపిస్తున్నాను అని చూసుకుంటాను. నీ కథ చెప్పేవాడు ఇరవయ్యేళ్ళ కుర్రాడు. తండ్రి గురించి వాడు 'అరిగెను' అనడు. "నా ముఖం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు" అంటాడు.

అది మార్చి పంపు. ఆరో పేజీలో హరికథ తాతగారు అల్లుణ్ణి చూసి "అరుదెంచితిరా!" అంటాడే, దాన్ని మాత్రం ముట్టుకోకు. అక్కడ నేను పైకే నవ్వాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య