మిగిలిన ఆ 5 శాతమే అసలు పని

చెక్కపని, చేతిపని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పదిహేనేళ్లుగా పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. నాకు గ్రీన్ కార్డు ఉంది, వేట లైసెన్సు కూడా ఉంది. ఈమధ్య ఒక పాత రెమింగ్టన్ 700 రైఫిల్ కొన్నాను, .30-06 క్యాలిబర్. చేత్తో పట్టుకునే సన్నటి మెడ దగ్గర దాని చెక్క స్టాక్, అంటే ఇనప భాగాలన్నీ బిగించే చెక్క, చీలి ఉంది. పూర్తిగా తయారైన వాల్‌నట్ స్టాక్ చాలా ఖరీదు, అందుకని సగం తయారైనది పోస్టులో తెప్పించి నేనే పూర్తి చేద్దామనుకుంటున్నాను. 95 శాతం పని అయిపోయి వస్తుందని రాశారు. మిగతాది ఒక వీకెండులో అవుతుందా? ఆర్డర్ పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి? జింకల సీజన్ నాటికి చేతికి రావాలి.

జవాబు: వీకెండులో అవదండీ. ముందే చెప్తున్నాను, ఎందుకంటే తొందరపడి చెడగొట్టిన స్టాకులు చాలా చూశాను, అందులో మొదటిది నాదే. ఆ 95 అబద్ధం కాదు, చెక్క లెక్కన నిజమే. తాళంచెవికి డూప్లికేట్ తీసే మిషన్ చూసే ఉంటారు కదా, ఒక పక్క అసలు చెవి మీద సూది నడుస్తుంటే ఇంకో పక్క కట్టర్ అదే ఆకారం కోస్తుంది, ఈ స్టాకులు కోసే పద్ధతి కూడా అదే. నమూనా ఒక్కటే, కానీ దాన్ని బిగించబోయే రైఫిళ్లు అన్నీ అచ్చంగా ఒకేలా ఉండవు, పైగా చెక్క ఎండకీ తేమకీ కదులుతుంది, అందుకే ఇనప భాగం కూర్చునే గూడు చుట్టూ కావాలనే కాస్త చెక్క వదిలేసి పంపుతారు. అది ఎక్కడ తీయాలో, ఎక్కడ ఉంచాలో తేల్చుకోవడమే మీకు మిగిలే పని. సాయంత్రాలు కూర్చుంటే నూనె ఆరడంతో కలిపి రెండు నెలలు వేసుకోండి. పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది కాబట్టి ఆగస్టు నాటికి చెక్క మీ ఇంట్లో ఉండాలి. ఆలస్యమైతే ఈ ఏడాదికి చవకైన ప్లాస్టిక్ స్టాక్ ఒకటి బిగించుకుని వెళ్లండి, వాల్‌నట్‌ది వచ్చే ఏడాదికి నిదానంగా చేసుకోవచ్చు.

ఆర్డర్ ఫారంలో 'రెమింగ్టన్ 700' అని మాత్రం రాస్తే సరిపోదు. గుండు ఎక్కించి పేల్చే ఇనప భాగాన్ని యాక్షన్ అంటారు. .30-06కి లాంగ్ యాక్షన్, .308 అయితే షార్ట్ యాక్షన్, రెండింటికీ గూడు పొడవు వేరు. ఈ రైఫిల్‌లోనే ఏడీఎల్, బీడీఎల్ అని రకాలున్నాయి. ఏడీఎల్‌లో గుళ్లుండే మ్యాగజైన్ కింద చెక్క మూసే ఉంటుంది, బీడీఎల్‌లో కింద ఇనప తలుపు ఉంటుంది కాబట్టి చెక్కకి ఆరపార కోత ఉంటుంది. ఒకదానికి బదులు ఇంకొకటి వస్తే ఏమీ చేయలేరు. గుండు ఎక్కించడానికి లాగే బోల్ట్ కుడివైపా ఎడమవైపా, బ్యారెల్ మామూలు సన్నపుదా లేక బరువైన వార్మింట్ రకమా, ఇవి కూడా రాయండి. మంచి చార ఉన్న చెక్కకి ఎక్కువ డబ్బు తీసుకుంటారు, ఇవ్వడం మీ ఇష్టం, కానీ ఆ మెలికల అందమంతా భుజానికి ఆనే మడమ వైపు ఉండాలి, సన్నటి మెడలోంచి మాత్రం చెక్క పోగు తిన్నగా పొడుగునా సాగాలి. మెడకి అడ్డంగా పోగు పోయిన చెక్క ఎంత అందంగా ఉన్నా నాకొద్దు, విరిగేది అక్కడే. పార్సిల్ రాగానే మొదట చూసేది అదే. ఉలి పెట్టాక వాపసు తీసుకోరు కాబట్టి గీత కూడా గీయకముందే యాక్షన్ పైన ఆనించి, కొలిచి, ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత రెండు మూడు వారాలు ఇంట్లోనే, మనుషులు తిరిగే గదిలో ఉంచేయండి. గ్యారేజీలో వద్దు, హీటర్ పక్కనా వద్దు.

ఇక పని. ముందుగా రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, బోల్ట్ తీసి పక్కన పెట్టండి. గన్‌స్మిత్‌లు వాడే నల్లటి జిడ్డు ఒకటి దొరుకుతుంది, అచ్చం కాటుకలా ఉంటుంది, దాన్ని ఇనుముకి పలచగా పూయాలి. స్క్రూల స్థానంలో పొడుగాటి గైడ్ పిన్నులు బిగించి యాక్షన్‌ని నిటారుగా గూట్లోకి దించి, అరచేత్తో ఒకసారి తట్టి, మళ్లీ నిటారుగానే ఎత్తాలి. చెక్క మీద నల్ల చుక్కలు పడతాయి. ఇనుము తగిలింది అక్కడే, కాబట్టి గీకాల్సింది కూడా అక్కడే, అదీ చుక్క పోయేంత వరకే, అంటే కాగితం మందం కూడా ఉండదు. మళ్లీ పూయడం, దించడం, ఎత్తడం. వంద సార్లు అవుతుంది. మొదట్లో రెండు చుక్కలే పడతాయి, అది సరిగా కూర్చోనట్టు, పోనుపోను గూడంతా సన్నగా నల్లబడుతుంది, అది కూర్చున్నట్టు.

ఒక్క చోటు మాత్రం ప్రాణం పెట్టి చేయండి. రెమింగ్టన్ 700లో బ్యారెల్‌కీ, బోల్ట్ కూర్చునే రిసీవర్‌కీ మధ్య కిందికి దిగే చిన్న ఇనప పలక ఉంటుంది, రీకాయిల్ లగ్ అంటారు. గుండు పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ఆ పలకే చెక్కకి అందించాలి. దాని వెనక ముఖం చెక్కని నిండుగా ఆనాలి, ముందూ పక్కలా కిందా కొద్దిగా ఖాళీ ఉండాలి. అది ఆనకపోతే దెబ్బ ఎక్కడికి పోతుంది? యాక్షన్ చివర తోకలా సాగిన ముక్క, టాంగ్ అంటారు, అది మేకులా మెడలోకి దిగుతుంది. మీ పాత స్టాక్ చీలింది కూడా బహుశా ఇలాగే, విప్పినప్పుడు లగ్ వెనక చెక్క నలిగి ఉందేమో చూడండి. నేను చేసిన మొదటి స్టాక్‌కి టాంగ్ చుట్టూ కాగితం కూడా దూరనంత బిగువుగా కూర్చోబెట్టి ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. ఇరవై గుళ్లు కాల్చేసరికి టాంగ్ వెనక వెంట్రుకంత గీత కనబడింది, మర్నాటికి అది గోరు దూరేంత అయింది. అప్పట్నుంచీ టాంగ్ వెనక పోస్టుకార్డు మందం ఖాళీ వదలకుండా ఒక్కటి కూడా చేయలేదు.

లగ్ సరిగా ఆనిందో లేదో అన్న టెన్షన్ పడేకంటే ఎపాక్సీ బెడ్డింగ్ చేసుకోండి, అంటే గూట్లో ఎపాక్సీ జిగురు వేసి ఇనుము అచ్చు పడేలా గట్టిపడనివ్వడం, మొదటిసారి చేసేవాళ్లకి అదే మంచిది. కానీ ఇనుముకి విడిపించే మందు పూయడం, స్క్రూ రంధ్రాలని క్లేతో మూయడం మరిచిపోతే రైఫిల్ చెక్కకి శాశ్వతంగా అతుక్కుపోతుంది. బ్యారెల్‌కీ దాని కింది చెక్క గాడికీ మధ్య ఒక డాలరు నోటు చివరిదాకా ఎక్కడా పట్టుకోకుండా జారితే చాలు.

చట్టం సంగతి కూడా చెప్తాను. అమెరికాలో 1968 గన్ కంట్రోల్ యాక్ట్ లెక్కన తుపాకీ అంటే రిసీవరే, చెక్క కాదు, అందుకే స్టాక్ మామూలు పార్సిల్‌లా ఇంటికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు రైఫిల్ దగ్గర ఉంచుకోవాలంటే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉండి తీరాలి, లేకపోతే ఫెడరల్ నేరం. స్నేహితుడిదే కదా అని ఇంట్లో పెట్టుకోవడం కూడా వద్దు.

ప్రశ్న: మాది మిన్నెసోటా. మావారితో వేటకి నేనూ వెళ్తున్నాను, కానీ నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, ఆయన రైఫిల్ నా భుజానికి సరిగా ఆనదు. సగం తయారైన స్టాక్ తెప్పించుకుంటే నా కొలతకి కోసుకోవచ్చా? నూనె ఏది వాడాలి?

జవాబు: తప్పకుండా కోసుకోవచ్చమ్మా, ఈ చెక్కల అసలు లాభం అదే. ట్రిగ్గర్ నుంచి మడమ మధ్య వరకు ఉండే కొలతే ముఖ్యం. ఫ్యాక్టరీ రైఫిళ్లకి ఇది దాదాపు 13.5 అంగుళాలు ఉంటుంది, అందుకే మీకు మెడ చాచాల్సి వస్తోంది. మీ కొలత తీసేటప్పుడు నవంబరులో వేసుకునే మందపాటి కోటు తొడుక్కునే తీయండి. రబ్బరు ప్యాడ్ అంగుళం మందం ఉంటే ఆ అంగుళం కూడా చెక్కలోంచి తగ్గించాలి. ఒకేసారి కోసేయకుండా అర అంగుళం ఎక్కువ వదిలి, భుజానికి ఎత్తి చూసుకుని, మళ్లీ కోయండి.

నునుపు చేయడం 220 గరుకు కాగితంతో మొదలుపెట్టి 320, 400 దాకా వెళ్లండి. మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే పోగులు మీసాల్లా లేస్తాయి, ఆరాక వాటిని తీసేయండి, ఇలా లేవడం మానేదాకా చేయాలి. వాల్‌నట్ పొడి కొందరికి పడదు, మాస్క్ పెట్టుకోండి. నూనె అంటే నేను అవిసె నూనె కలిసిన ట్రూ-ఆయిల్ వాడతాను, రెండు చుక్కలు వేలితో రుద్ది, రాత్రంతా ఆరనిచ్చి, ఇలా పది పన్నెండు పూతలు. ప్యాడ్ కింది అడ్డకోత, గూడు లోపల కూడా పూయాలి, తేమ ఎక్కేది అక్కడి నుంచే. ఇంకొకటి, అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండలా చుట్టి చెత్తబుట్టలో వేయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: ఖమ్మంలో మా మేనమామకి లైసెన్సు ఉన్న పాత రైఫిల్ ఉంది. దాని స్టాక్ పుచ్చిపోయింది. నేను డాలస్ నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒకటి తేవచ్చా? చెక్కే కదా.

జవాబు: తేవద్దు బాబూ. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం నిర్వచనంలో ఆయుధాల భాగాలు కూడా ఆయుధాలే, అనుమతి లేకుండా దిగుమతి చేస్తే ఎయిర్‌పోర్టులో కేసు మీ మీదా, లైసెన్సు గొడవ మామయ్య మీదా పడుతుంది. అమెరికా నుంచి పంపడానికి అక్కడి ఎగుమతి నిబంధనలు కూడా ఉన్నాయి. మామయ్య రైఫిల్‌ని, లైసెన్సుని తీసుకుని, రిపేరుకి లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరికే వెళ్లాలి. పుచ్చినా సరే పాత స్టాక్ పారేయొద్దని చెప్పండి, కొత్తది చెక్కేవాడికి కొలతలన్నీ అందులోనే ఉంటాయి.