దుకాణం తెరవండి, కానీ రాను అన్నవాణ్ణి బలవంతంగా రప్పించకండి

అడిగిన ప్రశ్న పబ్లిక్ హాలిడేల్లో దుకాణాలు తెరవొచ్చా, లేక చట్టం పెట్టి అన్నిటినీ మూయించాలా అని. నా మటుకు తెరవొచ్చు. కానీ ఆ రోజు లోపల నిలబడ్డవాడు ఇష్టపడే వచ్చాడా, వచ్చినందుకు అతనికి ఏం ముట్టింది అనేది చూడకుండా తెరవొచ్చు, మూయొచ్చు అని చెప్పడంలో అర్థం లేదు. దుకాణం సేటుది, ఇష్టం కూడా సేటుదే అనేవాళ్ళున్నారు. సేటు ఒక్కడే గల్లా దగ్గర కూర్చుని, తనే తూకం వేసి, తనే పొట్లం కట్టే దుకాణమైతే నిజమే. నలుగురు జీతానికి ఉన్నచోట ఆ మాట చెల్లదు.

మాది ధర్మాబాద్. మహారాష్ట్ర నాందేడ్ జిల్లా, తెలంగాణ సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. రైలెక్కితే బాసర, గోదావరి వంతెన దాటితే నిజామాబాద్. ఎర్ర మిర్చి మార్కెట్‌కి పేరున్న ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ, మార్కెట్లో హిందీ కూడా చేర్చి మూడూ కలిపి కొడతాం. నేను చాలాకాలం వేరే ఊళ్ళో ఒక పెద్ద బట్టల దుకాణంలో సేల్స్‌లో చేశాను. ఇప్పుడు మా అన్నా నేనూ కలిసి తాళ్ళు, రంగులు, హార్డ్‌వేర్ సామాన్ల దుకాణం నడుపుతున్నాం. జీతం తీసుకున్నాను, జీతం ఇస్తున్నాను. రెండూ చూసినవాడిగానే రాస్తున్నాను.

ముందు ఒక విషయం. ప్రభుత్వం ఏటా విడుదల చేసే పబ్లిక్ హాలిడేల జాబితా చూసి, ఆ రోజు దుకాణం తెరిస్తే నేరమేమో అనుకునేవాళ్ళు చాలామంది. ఆ జాబితా 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద వస్తుంది, అంటే చెక్కులు, హుండీల (వ్యాపారులు రాసుకునే డబ్బు పత్రాల) చట్టం. బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు దాని ప్రకారం నడుస్తాయి. నీ దుకాణం షట్టర్‌కీ దానికీ నేరుగా సంబంధం లేదు. దుకాణాలకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేరే చట్టం చేసుకుంది. మహారాష్ట్రలో ఇప్పుడున్నది 2017లో వచ్చింది, 1948 నాటి పాతదాన్ని తీసేసి. మా దగ్గర అందరూ గుమాస్తా లైసెన్స్ అంటారే, అది ఈ చట్టం కిందదే.

ఈ కొత్త చట్టం దుకాణాన్ని ఏడాది పొడుగునా తెరుచుకోమంది. కానీ పనిచేసేవాడికి వారంలో ఒకరోజు పూర్తి సెలవు ఇవ్వాలి, దాంతోపాటు ఏడాదికి ఎనిమిది పండుగ సెలవులు జీతంతో ఇవ్వాలి. ఆ ఎనిమిదిలో నాలుగు ఖాయం: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2. మిగతా నాలుగు ఏవనేది యజమానీ పనివాళ్ళూ కూర్చుని, ఏడాది మొదలయ్యేలోపే, ఊరి ఆచారాన్ని బట్టి ఒప్పుకోవాలి. ఈ ఎనిమిదిలో ఏ రోజైనా పనికి రప్పించుకుంటే రెండింతల జీతం, దాంతోపాటు బదులు ఇంకో రోజు సెలవు. చదివితే చక్కగా ఉంటుంది. నేను సేల్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఈ 'కూర్చుని ఒప్పుకోవడం' అనేది ఎక్కడా చూడలేదు.

నేను చూసింది ఏంటో చెప్తాను. ఆ బట్టల దుకాణం ఉన్న ఊళ్ళో వ్యాపారుల సంఘం ఆగస్టు 15న బజారంతా బంద్ అని తీర్మానం చేసేది. పొద్దున జెండా ఎగరేసి, లడ్డూలు పంచి, మా సేటు లోపలికొచ్చి ముందు షట్టర్ సగానికి దింపించేవాడు. ముందు వైపు లైట్లు ఆర్పేసేవాళ్ళం. బయట ఒక కుర్రాణ్ణి స్టూలేసి కూర్చోబెడితే వాడు అటూ ఇటూ చూసి, వచ్చిన గిరాకీని వంగి లోపలికి వెళ్ళమనేవాడు. శ్రావణ మాసం పెళ్ళిళ్ళ రోజులు, పట్టుచీరలకి పెద్దవాళ్ళు కూడా నడుము వంచుకుని షట్టర్ కింద నుంచి దూరి వచ్చేవాళ్ళు, ఏసీ కూడా వేయని ఆ ఉక్కలో రాత్రిదాకా చీరలు విప్పడం, మడతపెట్టడం. ఇంతా చేస్తే హాజరు పుస్తకంలో ఆ రోజు అందరికీ సెలవు. దుకాణం బంద్ కదా మరి, బంద్ ఉన్న దుకాణంలో డబల్ జీతం ఏంటి అన్నది లెక్క. మూయించే చట్టాలు కావాలనేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: మూత అనేది షట్టర్‌కి మాత్రమే పడుతుంది, పనోడికి పడదు. పైగా తెరిచి ఉన్నప్పుడు అడగగలిగిన డబ్బు కూడా మూసినప్పుడు అడగలేం.

(ఇదే చోట ఇంకోటి. కౌంటర్ వెనక పనివాళ్ళకి కూర్చోడానికి కుర్చీ వేయమని చెప్పడానికి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. కుర్చీకే అంత తంటా అయితే పండుగ సెలవు సంగతి ఆలోచించుకోండి.)

ఇక మా సరిహద్దు తిరకాసు. ఏది పండుగ? మన ఉగాది, మరాఠీవాళ్ళ కొత్త సంవత్సరం గుడి పాడ్వా ఒకే రోజు కాబట్టి ఆ రోజు గొడవ లేదు. ఫిబ్రవరి 19 శివాజీ జయంతికి ఇక్కడ సెలవు, తెలంగాణలో మామూలు రోజు. జూన్ 2న అక్కడ రాష్ట్రావతరణ, ఇక్కడ ఎవరికీ గుర్తు కూడా ఉండదు, ఆ రోజు బాసర, ముథోల్ వైపు నుంచి ఖాళీ దొరికిన జనం మా బజారుకే వస్తారు. సద్దుల బతుకమ్మ మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఏడాదిలో పెద్ద పండుగ, మహారాష్ట్ర జాబితాలో దాని ఊసే ఉండదు. అంతెందుకు, మకర సంక్రాంతి కూడా ఉండదు. రైతులందరూ ఎద్దుల్ని అలంకరించి ఊరేగించే పోలా, రాష్ట్రమంతటికీ వర్తించే జాబితాలో అదీ లేదు. కాబట్టి 'పబ్లిక్ హాలిడేకి అన్నీ మూసేద్దాం' అని రూలు పెడితే మా బిల్లింగ్ చూసే అక్కకి గురునానక్ జయంతికి సెలవొస్తుంది, బతుకమ్మకి రాదు. ఆ సెలవు ఆమె ఏం చేసుకోవాలి?

అందుకే చట్టంలో ఆ నాలుగు ఒప్పందపు సెలవుల ముక్కే నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపిస్తుంది. నిజానికి మా దుకాణానికి అది వర్తించదు. పదిమందీ అంతకంటే ఎక్కువా ఉన్నచోటే అని చట్టం వచ్చినప్పుడు గీత గీశారు, 2025లో దాన్ని ఇరవైకి పెంచడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మా బజారులో పదిమంది ఉన్న దుకాణాలు వెతికితే గానీ దొరకవు, ఇరవై అయితే ఇక మర్చిపోండి. అయినా మేం పాటిస్తాం. దీపావళి దాటాక కొత్త కాల్‌నిర్ణయ్ క్యాలెండర్ గోడకెక్కుతుంది, చాయ్ తెప్పించి, పెన్ను ఇచ్చి, ఎవరికి కావలసిన రోజులు వాళ్ళనే గుర్తు పెట్టుకోమంటాం. గోదాం చూసే ఆయన ఏప్రిల్ 14 చుట్టూ గుండ్రంగా గీస్తాడు, అంబేడ్కర్ జయంతి, ఆ రోజు ఆయన్ని కదిలించలేం. రంగులు కలిపే కుర్రాడు రంజాన్, బక్రీద్. నెలవంక మీద ఆధారపడేవి కాబట్టి అటూ ఇటూ రెండు చుక్కలు పెడతాడు. బిల్లింగ్ అక్క సద్దుల బతుకమ్మ, దాని ముందు రోజు కూడా, పుట్టింటికి వెళ్ళాలి కదా అంటుంది. ఒకరి పండుగకి ఇంకొకరు ఉంటారు, దుకాణం తెరిచే ఉంటుంది, పండుగ ఉన్నవాడు ఇంట్లో ఉంటాడు. జాతీయ పండుగల రోజు జెండా వందనం అయ్యాక, వస్తామన్నవాళ్ళతో మధ్యాహ్నం దాకా.

అన్నీ ఇంత సాఫీగా ఏం ఉండవు. తాళ్ళు, గజ్జెలు, కొమ్ములకి వేసే రంగులు మాకు ఎక్కువగా అమ్ముడయ్యేది పోలా ముందు రోజుల్లో, ఇంకా చెప్పాలంటే పోలా రోజు పొద్దున. మర్చిపోయిన రైతులందరూ అప్పుడే పరుగెత్తుకొస్తారు. ముకుతాడు ఏ సైజు, పగ్గం ఎన్ని మూరలు అనేది ఎద్దు వయసు చెప్తే చాలు తీసి ఇచ్చే మనిషి మా దగ్గర ఒక్కడే ఉన్నాడు, సరిగ్గా ఆయనకే ఆ రోజు సెలవు కావాలి. రెండింతలు కాదు, మూడింతలు ఇస్తాను, పొద్దున రెండు గంటలుండి వెళ్ళు అన్నాడు మా అన్న. "సేటూ, మా ఎద్దులకి నేనే రంగు వెయ్యాలి, ఇంకొకరు వేస్తే నిలబడవు" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. అన్నకి కోపం. ఆ పొద్దున మేమిద్దరం తాళ్ళ కట్టల మధ్య పడి, ఏది పలుపో ఏది పగ్గమో తేల్చుకోలేక నానా అవస్థా పడ్డాం, కొందరు రైతులే లోపలికొచ్చి వాళ్ళకి కావలసింది వాళ్ళు తీసుకుపోయారు. గిరాకీ కొంత పోయింది. పోనీ.

నా అభిప్రాయం గట్టిపడింది కూడా అక్కడే. డబల్ జీతం ఇస్తే చాలు అనే వాదన సగమే. చట్టం కూడా ఒకరకంగా ఆ సగం దగ్గరే ఆగింది, రప్పించుకుంటే ఇంత ఇవ్వు అంది గానీ, రాను అంటే ఏమవుతుందో గట్టిగా చెప్పలేదు. బట్టల దుకాణంలో మాకు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, దసరా రోజు రాను అన్న పిల్ల మరుసటి వారం ఉద్యోగంలో ఉండేది కాదు. అలాంటి చోట 'వాళ్ళే ఇష్టపడి వచ్చారు' అంటే ఎవరు నమ్ముతారు?

సరే, రెండో వైపు కూడా చూడాలి. సెలవంటే సంబరపడేది నెల జీతగాడు. మార్కెట్ యార్డు మూసిన రోజు హమాలీకి పైసా రాదు, అతని కూలి బస్తా లెక్కన. మిర్చి సీజన్లో వరసగా రెండు మూడు సెలవులు తగిలితే బస్తాలు మోసేవాళ్ళు యార్డు గేటు బయట కూర్చుని బీడీలు కాలుస్తూ ఉంటారు, వాళ్ళని వెళ్ళి 'హ్యాపీ హాలిడే' అనండి చూద్దాం. తోపుడుబండి వాడు, పూలమ్మేవాడు, చెరుకురసం బండి, వీళ్ళకి జనానికి సెలవున్న రోజే సంపాదన. వీళ్ళని మూయమనడం అన్యాయం, దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు.

మాంసం దుకాణాల సంగతి ఇంకా విచిత్రం. 2025 ఆగస్టు 15న కల్యాణ్-డోంబివలీ లాంటి కొన్ని మున్సిపల్ కార్పొరేషన్లు మాంసం అమ్మకూడదని ఆదేశాలిస్తే పెద్ద రభస అయింది, అప్పటి ఉప ముఖ్యమంత్రి అజిత్ పవార్ కూడా అలాంటి నిషేధం తప్పన్నారు. ఆ ఏడాదే దసరా సరిగ్గా అక్టోబర్ 2న పడింది. మటన్ లేని దసరా తెలంగాణవాళ్ళకి దసరానే కాదు, గాంధీ జయంతి కాబట్టి మందు బంద్, హైదరాబాద్‌లో మాంసం కూడా బంద్. మందుకి సరిహద్దు దాటొద్దామన్నా మహారాష్ట్రలోనూ ఆ రోజు డ్రై డే. మా చుట్టాలైతే ఒకటో తారీఖు సాయంత్రమే మటన్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు, జమ్మి ఆకు చేతిలో పెట్టడం అయ్యాక మామూలుగానే తిన్నారు. గాంధీగారి పేరు చెప్పి కొట్టు మూయిస్తే ముందు రోజు రెండింతలు కోస్తారు, మిగిలేది అంతే. మందు దుకాణాలు మూస్తే నాకేం అభ్యంతరం లేదు, పండుగ పూట వీధిలో గొడవలైనా తగ్గుతాయి.

ఇంకొకటి, దీపావళి అమావాస్య. జాబితాలో అది పెద్ద సెలవు, కానీ మా బజారులో ఆ సాయంత్రం షట్టర్ దించిన వ్యాపారి ఒక్కడు కనపడడు. లక్ష్మీపూజ జరిగేదే దుకాణంలో, గల్లా కడిగి, కొత్త ఖాతా పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి. పనోళ్ళు వాళ్ళ పిల్లల్ని కొత్త బట్టలతో తీసుకొస్తారు, స్వీటు డబ్బా, బోనస్ కవరు ఇస్తాం, బేరం జరగదు. అది తెరిచి ఉన్నట్టా, మూసి ఉన్నట్టా? ఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి రాసుకుంటాడో నాకైతే తెలీదు.

ప్రశ్న అడిగినాయన తను ఒక సూపర్ మార్కెట్లో చేస్తున్నానని, ప్రతి హాలిడేకి రమ్మంటున్నారని రాశారు కాబట్టి ఆయనకి విడిగా రెండు ముక్కలు. అన్నా, మహారాష్ట్రలోనే ఉండి మీ స్టోర్‌లో మనుషులు చట్టం గీసిన గీతకి పైన ఉంటే, ఆ ఎనిమిది రోజులు మీ హక్కు, దయ కాదు. డిసెంబర్‌లోనే నలుగురూ కలిసి మీకు కావలసిన నాలుగు పండుగలు కాగితం మీద రాసి మేనేజర్‌కి ఇవ్వండి, ఒక్కరే వెళ్ళొద్దు. వాట్సాప్‌లో పంపితే ఇంకా మంచిది, తేదీ పడుతుంది. వెళ్ళి పనిచేసిన హాలిడేలు మీ ఫోన్లో మీరూ రాసి పెట్టుకోండి, వాళ్ళ హాజరు పుస్తకంలో సెలవని ఉంటే అప్పుడు పనికొస్తుంది. తెలంగాణ వైపు స్టోర్ అయితే చట్టం వేరు, అక్కడ 2023లో దుకాణాలకి 24 గంటల అనుమతి ఇచ్చినప్పుడు పండుగ రోజు పనిచేస్తే బదులు సెలవు ఇవ్వాలని షరతు పెట్టారు, ముందు అది అడగండి. ముగ్గురో నలుగురో ఉన్న చిన్న దుకాణమైతే మాత్రం చట్టం పట్టుకుని లాభం లేదు, సేటు మూడ్ బాగున్న రోజు చూసుకుని, ఆయన చాయ్ తాగుతున్నప్పుడు క్యాలెండర్ తీసుకెళ్ళి ముందు పెట్టండి.