పన్ను నొప్పికి మాత్రలు ఎక్కువయ్యాయి, లివర్ టానిక్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర. నాన్నకి 54 ఏళ్లు, 48 కేజీలుంటారు. పన్ను నొప్పని రెండ్రోజులు డోలో 650 రోజుకి ఆరు, మందుల షాపులో ఇచ్చిన సెట్టులో నొప్పి మాత్ర రోజుకి నాలుగు వేసుకున్నారు. తిండి తినలేదు, రాత్రిపూట మందు అలవాటుంది. నిన్న వాంతులయ్యాయి, ఇవాళ తగ్గాయి. నిన్న పొద్దున చేయించిన లివర్ టెస్ట్ నార్మలే. ఏ టానిక్ మంచిది, నేల ఉసిరి రసం పట్టించొచ్చా?

జవాబు: టానిక్ సంగతి తర్వాత, ముందు ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఈ జవాబు కోసమే ఆగి ఉంటే మాత్రం తప్పు చేశారు. సెట్టులో నొప్పి మాత్ర పేరు మీరు రాయలేదు, కానీ షాపుల్లో ఇచ్చేవాటిల్లో చాలావరకు ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ 325 కలిసే ఉంటుంది. డోలో 650 కూడా పారాసెటమాలే, కాబట్టి అదే అయితే డోలోవి 3,900, దీనివి 1,300, మొత్తం రోజుకి 5,200 మిల్లీగ్రాములు. మామూలు పెద్దవాళ్లకే రోజుకి 4,000 దాటకూడదు, 48 కేజీల మనిషికి, అందులోనూ తాగేవాళ్లకి ఇంకా తక్కువే. పారాసెటమాల్‌లో కొంత భాగం లివర్‌లో విషంగా మారుతుంది, దాన్ని విరిచేది లివర్‌లోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం, తిండి లేకపోయినా తాగుడు ఉన్నా అదే తగ్గిపోతుంది.

వాంతులు తగ్గాయి కదా అని నిమ్మళించొద్దు. ఇందులో మోసం అక్కడే, మొదటి రోజు వికారం ఉండి తగ్గినట్టే ఉంటుంది, రెండు మూడు రోజులకి కుడి డొక్కలో నొప్పి, మూడు నాలుగు రోజులకి కళ్లు పచ్చబడ్డం, రక్తంలో లివర్ ఎంజైములు బాగా పెరగడం. మాత్రలు ఇంకా వేసుకుంటుండగా చేయించిన నార్మల్ రిపోర్టుకి నేను పెద్ద విలువివ్వను. ఒకేసారి మింగినవాళ్లకైతే 4 గంటలు దాటాక బ్లడ్ లెవెల్ చూసి గ్రాఫ్‌తో రిస్క్ లెక్కేస్తాం, రెండ్రోజులు విడతలుగా వేసుకున్న ఈయనకి ఆ గ్రాఫ్ పనికిరాదు. పారాసెటమాల్ లెవెల్, ఏఎల్‌టీ (లివర్ ఎంజైము), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), షుగర్ చూసి, అవసరమైతే మళ్లీ చేసి, దీనికి విరుగుడైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ సెలైన్‌లో పెట్టాలా వద్దా అన్నది అక్కడి డాక్టరు తేలుస్తారు, చూడకుండా నేను చెప్పలేను. ఆ మందు ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, లేటైనా ఇస్తారు.

మాటలో తడబాటు, మత్తు, కళ్లు పచ్చబడ్డం, చిగుళ్ల నుంచి రక్తం, వీటిల్లో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, మీరే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు.

ఇక షాపు సెట్టు. మన వైపు కాగితం పొట్లంలో రంగురంగుల మాత్రలు పోసి ఇచ్చేస్తారు, పేరుండదు, ఆస్పత్రిలో అడిగితే "తెల్ల మాత్ర, ఎర్ర మాత్ర" అంటారు. స్ట్రిప్పు చూసి కొనమని ఎంత మొత్తుకున్నా వినరండీ. జలుబు మాత్రల్లో, ట్రమడాల్ కాంబినేషన్లలో కూడా పారాసెటమాల్ ఉంటుంది. మిగిలిన మాత్రలన్నీ, పొట్లంతో సహా, ఎప్పుడెన్ని వేసుకున్నారో రాసి పట్టుకెళ్లండి.

నేల ఉసిరి, పసరు మందు, లివర్ టానిక్, ఇప్పుడేవీ వద్దు. మద్యం చుక్క ముట్టనివ్వద్దు. ఇంకోటి, బాధపడి కావాలనే ఎక్కువ వేసుకున్నారా అని మెల్లగా, విడిగా అడగండి, అదే అయితే డాక్టరుకి చెప్పాలి, మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా ఉంది.

పన్ను డెంటిస్టుకే చూపించండి, లివర్, కిడ్నీ రిపోర్టులు వచ్చేదాకా ఏ నొప్పి మాత్రా వద్దు.