కిడ్నీ కణాల మీద రీసెర్చ్ అంటోంది, బీఈడీలో చేర్పించాలా?

దేవరకొండ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ బీజడ్‌సీ చివరి ఏడాది. తమ్ముడికి చిన్నప్పుడు ముఖం ఉబ్బి, మూత్రంలో ప్రోటీన్ పోయింది. అప్పటి నుంచి పోడోసైట్లంటూ వాటి మీదే రీసెర్చ్ చేస్తానంటోంది. అందులో బతుకుదెరువు ఉంటుందా, బీఈడీ మేలా?"

అన్నా, మీ అమ్మాయి గాలి మాటలేం చెప్పట్లేదు. కిడ్నీలో రక్తం వడకట్టే చోట సన్న నాళాలకు చుట్టుకుని ఉండే కణాలే పోడోసైట్లు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి జొనిపి చూడండి, ఇంచుమించు అట్లే ఉంటాయి, ఆ సందుల్లో నెఫ్రిన్ అనే ప్రోటీన్ జాలీలా అల్లుకుని, రక్తంలోని ప్రోటీన్‌ను మూత్రంలోకి పోనివ్వదు. దాని జీన్ దొరికింది 1998లో. జీన్ ఒళ్లంతా అన్ని కణాల్లో ఉన్నప్పుడు ముఖ్యంగా ఇక్కడే ఎందుకు పనిచేస్తుందంటే, డబ్ల్యూటీ1 లాంటి ప్రోటీన్లు దానికి స్విచ్ వేస్తాయి. షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో జీన్ బాగానే ఉన్నా నెఫ్రిన్ తగ్గిపోతుంది. ఆ స్విచ్ ఎక్కడ తేడా కొడుతోందో వెతకడమే ఈ పని. పైగా ఈ కణం ఒకటి రాలిపోతే దాని చోట కొత్తది పుట్టడం బాగా అరుదు.

తమ్ముడిది జీన్ లోపమేనని మాత్రం మీరే తేల్చేసుకోకండి, పిల్లల్లో ఎక్కువమందికి స్టెరాయిడ్లతోనే తగ్గుతుంది.

ఇక దారి. ఇప్పుడే పోడోసైట్ అని పట్టుబడితే లాభం లేదు, ముందు బయోకెమిస్ట్రీలోనో బయోటెక్నాలజీలోనో ఎంఎస్సీ కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాయాలి, అక్కడి బయోకెమిస్ట్రీ విభాగం నుంచి ఈ కణాల మీద పేపర్లు వచ్చాయి కూడా. రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ ఎంట్రన్స్ ఉంది, రెండూ రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ వేరే. పీహెచ్‌డీ కోసం మీరు పొలం అమ్మాల్సిన పని లేదు. కానీ ఎంఎస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్లు పడుతుంది, అది ముందే తెలిసి ఉండాలి. (చుట్టాలు పెళ్లెప్పుడని అడుగుతూనే ఉంటారు, దానికి నా దగ్గర సలహా లేదు.)

ఎంఎస్సీలో సెల్ కల్చర్ (కణాల్ని ల్యాబ్‌లో పెంచడం), పీసీఆర్ (డీఎన్ఏకు కాపీలు తీయడం), వెస్టర్న్ బ్లాట్ (ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూడడం) సొంత చేతులతో చేయమనండి, పక్కన నిలబడి చూస్తే రాదు. ల్యాబ్‌లో వాడే ఒక రకం మనిషి పోడోసైట్లు 33 డిగ్రీల దగ్గర పెరుగుతాయి, 37కి మార్చాకే పక్వానికొస్తాయి, దానికి రోజులకు రోజులు కాచుకుని కూర్చోవాలి. ఆ ఓపిక ఉందో లేదో సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో నెల రోజులు ఉంటే తనకే తెలిసిపోతుంది. బీఈడీ రెండేళ్ల కోర్సు, ఎంఎస్సీ అయ్యాక కూడా చేరొచ్చు.